రొయ్యల గుంట గట్టు మీద ఒమేగా: కాంప్లెక్స్ నంబర్ల ఆన్‌లైన్ క్లాసులో ఒక కేస్ స్టడీ

"ఒక చతురస్రంలో పక్కపక్కనే ఉన్న రెండు శీర్షాలు 2 + ఐ, 5 + 3ఐ. మిగతా రెండూ కనుక్కోండి."

ఒక ఆదివారం రాత్రి మా ఆన్‌లైన్ బ్యాచ్‌కి ఈ లెక్క ఇచ్చాను. ఐ అంటే వర్గం −1 అయ్యే సంఖ్య; 2 + ఐ ని గ్రాఫ్ మీద (2, 1) బిందువుగా గుర్తిస్తాం. ఆరు నిమిషాల్లో చాట్‌లో ఒక అమ్మాయి నుంచి మొదటి జవాబు పడింది: 3 + 6ఐ, 4ఐ. లేదంటే 7, 4 − 2ఐ. రెండు జతలూ కరెక్టే. మామూలుగా అయితే "వెరీ గుడ్" అని టైప్ చేసి తర్వాతి లెక్కకు పోయేవాణ్ణి. ఆ రోజు ఎందుకో, చేసిన పేజీ ఫొటో తీసి పంపమన్నాను.

పేజీన్నర ఉంది. రెండు బిందువుల మధ్య దూరం, వాలు, లంబరేఖ సమీకరణం, దాని మీద వర్గ సమీకరణం. అంతా చక్కటి చేతిరాత, ఎక్కడా తప్పు లేదు. ఎక్కడా ఐ కూడా లేదు! అధ్యాయం పూర్తయి మూడు వారాలైంది. ఆ లెక్కను ఈ అమ్మాయి పాత నిరూపక జ్యామితితో చేసి పంపింది. రెండు శీర్షాల తేడా 3 + 2ఐ. దాన్ని ఐ తో గుణిస్తే −2 + 3ఐ. దాన్ని రెండు శీర్షాలకూ కలిపితే ఒక జత, తీసేస్తే ఇంకో జత. రెండు లైన్ల పని. బ్యాచ్‌లో అందరికంటే చురుకైన పిల్లకు ఆ రెండు లైన్లు తట్టలేదంటే లోపం ఎక్కడుందో వెతకాల్సింది ముందు నా క్లాసులోనే.

బ్యాచ్, నెట్‌వర్క్, మ్యూట్

నేను నెల్లూరులో ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. కరోనా తర్వాత కాలేజీ ఉద్యోగం మానుకుని, శని ఆదివారాలు రాత్రి ఎనిమిదిన్నరకు చిన్న అడ్వాన్స్‌డ్ బ్యాచ్ ఒకటి నడుపుతున్నాను. జేఈఈ కోచింగ్ ఎలాగూ కాలేజీలో జరుగుతుంది. దాన్ని దాటి ఒలింపియాడ్ లెక్కలో, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రవేశ పరీక్షో చూద్దామనుకునే పిల్లలు వస్తారు. ఆ ఏడాది ఆరుగురు. ఒంగోలు నుంచి ఇద్దరు, కనిగిరి, కందుకూరు, కావలి నుంచి ఒక్కొక్కరు, ఆరో మనిషి ఈ అమ్మాయి. అల్లూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఒక ఊరు. పేరు రాయడం లేదు.

వాళ్ల నాయనకు నాలుగు రొయ్యల గుంటలున్నాయి. ఇంట్లో సిగ్నల్ సరిగా అందదు. గుంట గట్టు మీద షెడ్డులో బాగా వస్తుంది. అందుకని క్లాసు టైముకు నాయనతో పాటు గట్టు మీదికి పోయి, షెడ్డులో నులకమంచం మీద కూర్చుని వినేది. చుట్టూ ఏరేటర్ల మోత. రాత్రిపూట అవి ఆగితే రొయ్యలకు ఆక్సిజన్ అందదు కాబట్టి ఆపడం కుదరదు. ఆ మోత మాకు వినపడకూడదని ఎప్పుడూ మ్యూట్‌లో ఉండేది. డేటా ఖర్చవుతుందని వీడియో కూడా ఆఫ్.

అంటే నాలుగు నెలల పాటు ఆ అమ్మాయి గొంతు నేను సరిగా వినలేదు. నాకు కనపడింది చాట్‌లో జవాబులు మాత్రమే. నల్లబల్ల ముందు నిలబడ్డప్పుడు పిల్లల మధ్య తిరుగుతూ నోట్‌బుక్కుల్లోకి తొంగి చూడటం నాకు అలవాటు. ఎవరు ఎక్కడ గీత కొట్టేశారో అక్కడే తెలిసిపోతుంది. ఆన్‌లైన్‌లో ఆ తిరుగుడు పోయింది, దాని బదులు ఇంకేదైనా పెట్టుకోవాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

పాఠం చెప్పిన వరస కూడా రాయాలి. అప్పటి సిలబస్ ప్రకారం ఇంటర్ రెండో ఏడాది 2ఎ పుస్తకంలో మొదటి అధ్యాయం సంకీర్ణ సంఖ్యలు, రెండోది డి మోయివర్ సిద్ధాంతం. నేను ఆ వరసలోనే పోయాను. ఎక్స్² + 1 = 0 కు సాధన లేదు, కాబట్టి ఐ అనేదాన్ని తెచ్చుకుందాం అన్నాను. తర్వాత కూడికలు, గుణకారాలు, సంయుగ్మం (ఐ ముందు గుర్తు మార్చడం), మాడ్యులస్ (సున్నా నుంచి దూరం), ఆర్గ్యుమెంట్‌కు (అడ్డగీతతో చేసే కోణానికి) నాలుగు పాదాల టేబుల్. "గుణిస్తే తిరుగుతుంది" అన్న మాట చివర్లో ఎక్కడో, డి మోయివర్ దగ్గర, ఒక్క వాక్యంలో వచ్చి పోయింది.

మంగళవారం మధ్యాహ్నం ఫోన్

కాలేజీకి సెలవున్న ఒక మంగళవారం విడిగా వీడియో కాల్ పెట్టాను. ఫోన్‌ను స్టీలు డబ్బాకు ఆనించి, కెమెరా నోట్‌బుక్ మీద పడేలా పెట్టమన్నాను. మొహం నాకు అక్కర్లేదు, చెయ్యి కనపడితే చాలు.

3 + 2ఐ ని ఐ తో గుణించమన్నాను. కన్నుమూసి తెరిచేలోగా −2 + 3ఐ అని రాసింది. రెండింటినీ గ్రాఫ్ మీద గుర్తించమంటే గుర్తించింది. "మొదటి బిందువుకు ఏం జరిగింది?" అని అడిగాను.

"నంబర్లు అటూ ఇటూ అయినాయి సార్. ఒకదానికి మైనస్ వచ్చింది."

"బొమ్మలో ఏం జరిగింది?"

పెన్ను ఆగిపోయింది. చాలాసేపటికి, "పక్క పాదంలోకి పోయింది సార్" అంది. తొంభై డిగ్రీలు తిరిగిందని అనలేదు. −1 + ఐ ఆర్గ్యుమెంట్ అడిగితే 135 డిగ్రీలని ఠక్కున చెప్పింది. రెండో పాదంలో పై (π) మైనస్ ఆల్ఫా, అంటే 180 డిగ్రీల్లోంచి ఆల్ఫా అనే కోణం తీసేయాలట. ఆ ఆల్ఫా బొమ్మలో ఎక్కడుందో చూపించమంటే మళ్లీ మౌనం. 3 + 4ఐ నుంచి దూరం 2 దాటని సంఖ్యల్లో అతి చిన్న మాడ్యులస్ ఎంతని అడిగితే, ఎక్స్, వై పెట్టుకుని చాలాసేపు కుస్తీపట్టి 3 అని తెచ్చింది. అదీ కరెక్టే. 3 + 4ఐ సున్నా నుంచి 5 దూరంలో ఉంటుంది, చుట్టూ 2 వ్యాసార్ధంతో ఒక వృత్తం గీసుకుంటే చిన్నది 3, పెద్దది 7 అని నోటితోనే చెప్పొచ్చు.

నా నోట్సులో ఆ రోజు ఇలా రాసుకున్నాను: "ఈ పిల్లకు సంకీర్ణ సంఖ్య అంటే రెండు గదుల పెట్టె. గుణకారం అంటే ఆ గదుల్లో సామాన్లు మార్చే రూలు. రూలు ఎప్పుడూ తప్పదు, అందుకే ఎవరూ పట్టుకోలేదు." నెమ్మదిగా చేసే పిల్లాడైతే ఆ పేజీన్నర లెక్కలో ఎక్కడో తప్పు చేసేవాడు, నేను ఆగి చూసేవాణ్ణి. ఈ అమ్మాయి వేగమే నాకు అడ్డం వచ్చింది.

కాల్ పెట్టేసే ముందు, "సార్, ఒకటి అడగనా?" అంది. నాలుగు నెలల్లో నోటితో అడిగిన మొదటి ప్రశ్న.

"ఎక్స్² + 1 = 0 కు సాధన లేదని కొత్త సంఖ్య పుట్టించాం గదా. ఎక్స్ + 1 = ఎక్స్ కు కూడా సాధన లేదు. దానికెందుకు పుట్టించలేదు?"

ఇరవై ఏళ్లలో నన్నెవరూ ఇది అడగలేదు. అడగాల్సిన ప్రశ్నే. లేనిదాన్ని ఉందనుకుందాం అని మనం అంత తేలిగ్గా అనేస్తే, బుర్ర ఉన్న పిల్లకు అది మోసంలా కనపడదూ? మోసం అనుకున్నాక మిగిలేది రూళ్లు బట్టీ పట్టడమే.

శనివారం క్లాసు మొత్తం దానికే పెట్టాను. ఎక్స్ + 1 = ఎక్స్ కు ఒక సంఖ్య ఉందనుకుని, మన లెక్కల సూత్రాలన్నీ దానికీ వర్తిస్తాయనుకుంటే, రెండు వైపులా దాన్ని తీసేయగానే 1 = 0 అవుతుంది. అక్కడితో సంఖ్యలన్నీ సున్నా అయిపోయి కొట్టు మూసుకోవాలి. ఐ ని తెచ్చుకుంటే అలాంటిదేమీ కాదు. కూడిక, గుణకారం, భాగహారం అన్నీ పాత సూత్రాలతోనే నడుస్తాయి. పోయేది ఒక్కటే, పెద్దా చిన్నా అన్న వరస. ఐ సున్నా కంటే పెద్దదైతే దాని వర్గం −1 కూడా పెద్దది కావాలి. చిన్నదైతే మైనస్ ఐ పెద్దది, దాని వర్గం కూడా అదే −1. రెండు వైపులా చిక్కే. దీని మీద కనిగిరి అబ్బాయి, డిక్షనరీలో మాటల్లాగా ముందు వాస్తవ భాగం చూసి, అది సమానమైతే రెండోది చూసి వరస పెట్టొచ్చు కదా అన్నాడు. పెట్టొచ్చు. కానీ ఆ వరసకూ గుణకారానికీ పొసగదు. ఈ ఒక్క ముక్క మీద అరగంట కొట్టుకున్నారు, నేను ఆపలేదు.

ఐ అవసరం అసలు ఎక్కడ పుట్టిందో కూడా ఆ రోజే చెప్పాను. ఎక్స్² + 1 = 0 దగ్గర కాదు. ఆ సమీకరణానికి సాధన లేదంటే పాతకాలం వాళ్లకు పట్టింపేమీ లేదు, లేదని వదిలేసేవాళ్లు. చిక్కు వచ్చింది ఘన సమీకరణాల దగ్గర. 1545లో ఇటలీ గణితవేత్త కార్డానో అచ్చు వేసిన సూత్రంలో ఎక్స్³ = 15ఎక్స్ + 4 ని పెడితే, 2 + √−121 ఘనమూలం, 2 − √−121 ఘనమూలం, ఈ రెండిటి మొత్తం వస్తుంది. కానీ ఆ సమీకరణానికి 4 సాధన అని ఎవరైనా సరిచూసుకోవచ్చు: 64 = 60 + 4. మిగతా రెండు సాధనలు −2 ± √3, అవీ వాస్తవ సంఖ్యలే. మూడూ కళ్లెదురుగా ఉన్నాయి, దారి మాత్రం మైనస్ మూలాల గుండా పోతోంది. 1572లో ఇంకో ఇటలీ గణితవేత్త బొంబెల్లి ధైర్యం చేసి, 2 + ఐ ని ఘనం చేస్తే 2 + 11ఐ, అంటే 2 + √−121, వస్తుందని చూపించాడు. రెండో ఘనమూలం 2 − ఐ. రెండూ కలిపితే 4. పిల్లలతో ఆ ఘనం చేయించాను. ఒంగోలు అబ్బాయి ఒకడు చాట్‌లో "అబ్బా" అని మాత్రం పెట్టాడు.

అయినా తిరగడం అన్న సంగతి ఆ అమ్మాయికి ఇంకా పట్టుబడలేదు. అది నా క్లాసులో కాకుండా గట్టు మీద పట్టుబడింది.

తిరగబడ్డ మోటార్లు

తర్వాతి ఆదివారం క్లాసు మధ్యలో ఆ అమ్మాయి మాయమైంది. మళ్లీ రాలేదు. శనివారం ఎక్కడికి పోయావని అడిగితే విషయం చెప్పింది. ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందట. రాత్రంతా జనరేటర్ మీద నడిపారు. మూడో రోజు కొత్తది పెట్టాక కరెంటు ఇస్తే, నాలుగు గుంటల్లో ఏరేటర్లన్నీ వెనక్కి తిరిగాయి.

"ఏం చేశారు మరి?"

"స్టార్టర్ దగ్గర రెండు వైర్లు అటుదిటు మార్చాడు సార్ మా నాయన. సరిపోయింది."

"ఏ రెండు?"

"ఏ రెండైనా ఒకటే సార్. ఎప్పుడూ అట్నే చేస్తాడు."

నేను వేసుకొచ్చిన పాఠం పక్కన పెట్టేశాను. మూడు ఫేజుల కరెంటులో ఎరుపు, పసుపు, నీలం వైర్ల వోల్టేజీలు ఒకేసారి పైకి రావు. ఒకదాని తర్వాత ఒకటి, చక్రంలో మూడో వంతు తేడాతో, సెకనుకు 50 సార్లు వస్తుంటాయి. మూడో వంతు అంటే 120 డిగ్రీలు. సంకీర్ణ తలం మీద గీస్తే 1, ఒమేగా, ఒమేగా². ఒకటికి మూడు ఘనమూలాలు. 1 + ఒమేగా + ఒమేగా² = 0 అని వందసార్లు రాసిన పిల్లలే, కానీ దాన్ని ఒక వృత్తం మీద సమదూరంలో ఉన్న మూడు బాణాలుగా ఎప్పుడూ చూడలేదు. ఒక బాణాన్ని ఒమేగాతో గుణిస్తే పక్క బాణం మీదికి పోతుంది. ఇంకోసారి గుణిస్తే దాని పక్కదానికి. మూడోసారికి మొదటికి వస్తుంది. ఒమేగా³ = 1 అంటే అంతే.

"ఇప్పుడు ఏ రెండు మార్చినా ఎందుకు తిరగబడుతుందో నువ్వు చెప్పు" అని వదిలేశాను.

సోమవారం పొద్దున ఫొటో వచ్చింది. చివరి రెండూ మారిస్తే వరస 1, ఒమేగా², ఒమేగా. అంటే బొమ్మను అడ్డగీత మీద బోర్లించినట్టు, ప్రతిదానికీ సంయుగ్మం తీసుకున్నట్టు. మొదటి రెండూ మారిస్తే ఒమేగా, 1, ఒమేగా². దీని దగ్గర ఆగి, ఒమేగాను బయటికి తీసి, ఒమేగా × (1, ఒమేగా², ఒమేగా) అని రాసింది. కింద ఒక లైను: "సార్ బయట ఒమేగా అంటే మోటారు కాస్త ముందుగానో వెనకగానో మొదలైనట్టు. తిరిగే దిక్కు మారదు. లోపల ఉన్నది పాతదే." మొత్తం ఆరు రకాలుగా వైర్లు పెట్టొచ్చు, మూడు ఇటు తిరుగుతాయి, మూడు అటు, అని టేబుల్ కూడా వేసింది.

ఐ తో గుణించడం అంటే ఏమిటని ఇంక నేను అడగలేదు. చతురస్రం లెక్క మళ్లీ చేసి పంపమన్నాను. రెండు లైన్లలో వచ్చింది, పక్కన బాణాల బొమ్మతో.

ఆ వారమంతా ఆ అమ్మాయి కరెంటు మీదే ఉంది. రెండు ఫేజుల మధ్య వోల్టేజీ ఎంతని లెక్కేసింది. 1 నుంచి ఒమేగాకు దూరం √3. ఒక్కో ఫేజు 230 వోల్టులైతే, 230 × √3, దాదాపు 398. వాళ్ల ఎలక్ట్రీషియన్ నోట్లో మాత్రం అది ఎప్పుడూ 440 వోల్టులే. మూడున్నర కోర్ కేబుల్లో (మూడు లావు తీగలు, ఒక సన్న తీగ) ఆ అర కోర్ ఎందుకు సన్నగా ఉంటుందో కూడా దొరికింది. అది న్యూట్రల్. మూడు ఫేజుల మీద లోడు సమానంగా ఉంటే మూడు బాణాలూ కలిసి సున్నా, న్యూట్రల్‌లో కరెంటే ఉండదు. ఒక ఫేజు పోతే 1 + ఒమేగా = −ఒమేగా², అంటే ఒక పూర్తి ఫేజంత కరెంటు ఆ సన్న తీగలోంచి రావాలి. ఎలక్ట్రికల్ ఇంజనీర్లు ఐ బదులు జె ఎందుకు రాస్తారని అడిగింది. కరెంటుకు అప్పటికే ఐ వాడేశారు, అంతే.

ఇది అందరికీ పనిచేయలేదు

ఈ ఉదాహరణతో బ్యాచ్ మొత్తం వెలిగిపోయిందని రాస్తే అబద్ధం. ఒంగోలు అబ్బాయి ఒకడు "సార్, ఇది ఫిజిక్స్ కదా, టెస్టులో రాదు కదా" అన్నాడు. వాడికి మోటార్లంటే గిట్టదు. వాడికి పనికొచ్చింది సర్వేయరు కథ. సంకీర్ణ సంఖ్యల్ని తలం మీద బాణాలుగా గీసి చూపించిన మొదటి మనిషి కాస్పర్ వెసెల్, నార్వేలో పుట్టిన సర్వేయరు. 1797లో తన వ్యాసాన్ని డెన్మార్క్ అకాడమీకి సమర్పించాడు, డేనిష్ భాషలో. దాదాపు వందేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1806లో అదే పని చేసిన ఆర్గాండ్ పేరు తలానికి ఉండిపోయింది. ఆ అబ్బాయి తాత పొలాలు కొలిచే మనిషట. ఇక వాడు జియోజీబ్రా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో బాణాలు తిప్పడం మొదలుపెట్టాడు. కావలి అమ్మాయికి ఈ రెండూ ఎక్కలేదు. మామూలుగా కాగితం మీద యాభై లెక్కలు చేశాక తనంతట తానే పట్టుకుంది.

ఇంకొకటి కూడా రాయాలి. గట్టు మీది అమ్మాయికి కాలేజీ వారం టెస్టుల్లో మార్కులు పడిపోయాయి. ముందు ఈ అధ్యాయంలో ఒక్క మార్కు పోయేది కాదు. ఇప్పుడు ప్రతి లెక్కకూ బొమ్మ గీస్తూ కూర్చుంటోంది, చివర్లో టైము చాలడం లేదు. వాళ్లమ్మ ఫోన్ చేసింది.

"ఏంది సార్ ఇట్టా అయింది? మీ దగ్గర చేరకముందే బాగా చేసేది గదా. నాకు టెన్షన్‌గా ఉంది."

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. పాత పద్ధతి వదిలేయమని నేను ఎక్కడా అనలేదు, కానీ ఎప్పుడు ఏది వాడాలో కూడా చెప్పలేదు. తర్వాత నాలుగు వారాలు వేరే పని పెట్టాను. ఇరవై లెక్కలు ఇచ్చి, చేయొద్దు, ఏ దారిలో చేస్తావో మాత్రం ఒక్క మాటలో రాయమన్నాను: బొమ్మ, బీజగణితం, పోలార్ (దూరం, కోణంతో రాయడం). ఒక్కో లెక్కకు పదిహేను సెకన్లు. మార్కులు మెల్లగా పాత చోటికి వచ్చాయి. ఆ నెల రోజులూ నాకూ నిద్ర సరిగా పట్టలేదని ఒప్పుకుంటాను.

నా వైపు మారినవి రెండు. ఇప్పుడు పోలార్ రూపం ముందు చెబుతున్నాను. ఐ ని పరిచయం చేసే రోజే అది తొంభై డిగ్రీల మలుపు అని చెప్పి, రెండు మలుపులు తిరిగితే వెనక్కి చూస్తావు కాబట్టి ఐ² = −1 అంటాను. కూడికలు, సంయుగ్మాలు తర్వాత. రెండోది, వారానికి ఒక లెక్కకైనా ప్రతి ఒక్కరి ఫోనూ నోట్‌బుక్ వైపు తిరగాలి. చాట్‌లో జవాబు చెల్లదు.

ఏడాది చివర్లో ఆ అమ్మాయి ఇంకో ప్రశ్న తెచ్చింది. తలం మీద తిప్పడానికి సంకీర్ణ సంఖ్యలున్నాయి, మరి మన చుట్టూ ఉన్న మూడు కొలతల్లో తిప్పడానికి ఐ పక్కన జె అని ఇంకొకటి పెట్టుకుంటే చాలదా? హామిల్టన్ అనే గణితవేత్త ఏళ్ల తరబడి ఇదే పట్టుకుని కూర్చున్నాడని, 1843లో మూడు వదిలేసి నాలుగుకు పోయాకే పని జరిగిందని నేను చెప్పలేదు. "ఐ × జె ఎంతవుతుందో తేల్చి చూపించు" అని మాత్రం అన్నాను.

రాత్రి పదకొండున్నరకు ఫొటో. గట్టు మీద నుంచే, పేజీ మీద టార్చి వెలుతురు. మొదటి లైను: క, గ, చ రియల్ సంఖ్యలు. ఐ × జె = క + గఐ + చజె అనుకుందాం. తర్వాత రెండు వైపులా ఎడమ నుంచి ఐ తో గుణించింది. ఎడమ వైపు −జె. కుడి వైపు −గ + కఐ + చ × (ఐ × జె). ఆ చివరిదాంట్లో మళ్లీ మొదటి లైను పెట్టి, రెండు వైపులా జె ముందున్నవి మాత్రం పోల్చింది. −1 = చ².

దాని చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రం. కింద ఇలా ఉంది: "సార్ మళ్లీ ఇక్కడికే వచ్చాం. చ కి ఐ పెట్టేయనా?"

"మొదటి లైను చదువు" అని పెట్టాను.

రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత, "అయితే ఈ పెట్టెకు మూడు గదులు చాలవు సార్. నాలుగుతో రేపు చూస్తా. నాయన పిలుస్తా ఉండాడు, మేత వేయాల."